శవం దగ్గర చప్పట్లు

ఐదేళ్లుగా ఆ గుమ్మం వైపు కన్నెత్తి చూడని మనిషి, తల్లి చచ్చిన పూట పొద్దున్నే వచ్చి పనోరియా వాకిట్లో నిలబడ్డాడు. నల్ల కోటు, నల్ల కళ్లద్దాలు, చేతిలో ఆగకుండా మోగే ఫోను. పేరు అనార్గిరోస్. వెండి ముట్టనివాడు అని ఆ పేరుకి అర్థం. ఆ పేరు పెట్టిన తాత బతికుంటే సిగ్గుతో చచ్చేవాడు. గ్రీసు దక్షిణపు కొసనున్న మా మాని కొండల్లో వీడు బేరం పెట్టని పాత బురుజు లేదు, వీడు అమ్ముకోని రాయి లేదు.

పోనీ పరాయివాడా అంటే కాదు, పనోరియాకి సొంత పెదనాన్న కొడుకు. వరసకి అన్నయ్యా అని పిలవాలి.

"అమ్మ పోయింది చెల్లీ," అన్నాడు.

"తెలుసు. చర్చి గంట విన్నాను."

లోపలికి రమ్మనలేదు. అరుగు మీద కూర్చుని ఎండు బాదం కాయల్ని రాతితో పగలగొడుతోంది. చెయ్యి ఆపలేదు.  ఇక ఆమె ఆపదని అర్థమై వాడే అసలు మాటకి వచ్చాడు.

"మధ్యాహ్నం తీసుకెళ్తాం. ఈలోగా నువ్వొచ్చి శోకం పెట్టాలి."

రాయి ఆగింది.

"నేను శోకం మానేసి ఐదేళ్లయింది. ఎందుకు మానేశానో ఊళ్లో కుక్కనడిగినా చెప్తుంది. నీకు మాత్రం తెలీదా?"

"పాత సంగతులు ఇప్పుడెందుకే? నా మాట విను. మన హోటల్లో ఏథెన్స్ వాళ్లు దిగారు. సంస్కృతి శాఖలో పెద్ద అధికారిణి ఒకావిడ, టీవీ వాళ్లు ఇద్దరు. నా సెమినార్‌కి వచ్చారు. మన మాని శోకాలకి వారసత్వ సంపదగా గుర్తింపు రావాలంటే ఆవిడ ఒక్క మాట రాస్తే చాలు. అసలు సిసలైన శోకం ఒక్కసారి వినాలి, వినాలి అని ప్రాణం తీస్తోంది. సరిగ్గా ఆవిడ ఇక్కడున్నప్పుడే అమ్మ పోయింది. అర్థమవుతోందా? దీన్నే కైరోస్ అంటారు."

చూశారా? తల్లి ఒళ్లు ఇంకా చల్లబడలేదు, వీడికి అప్పుడే కైరోస్ కనపడింది.

ఆ మాట వాడి నోట్లో నాని నాని పులిసిపోయింది. హోటల్ పేరు కైరోస్. వాడు శని, ఆదివారాలు పెట్టే సెమినార్ పేరు కైరోస్. నగరాల నుంచి నారబట్టలు కట్టుకుని, గడ్డి టోపీలు పెట్టుకుని జనం దిగుతారు. వైన్ పోయించి, గోడ మీద బొమ్మ వేసి వాడు చెప్తాడు: మన పూర్వీకులు కాలాన్ని రెండుగా చూశారు, గడియారంలో తిరిగేది ఒకటి, చేతికి చిక్కే అదను ఇంకొకటి, ఆ రెండోది ఒక కుర్ర దేవుడు, నుదుటి మీద జుట్టుంటుంది, వెనకంతా బోడి, ఎదురొచ్చినప్పుడే జుట్టు పట్టుకోవాలి, దాటిపోయాక పట్టుకుందామంటే వెంట్రుక కూడా దొరకదు. జనం ఆహా అని రాసుకుంటారు. మా అమ్మమ్మలకి ఈ సంగతి ఎవరూ సెమినార్ పెట్టి చెప్పలేదు. పిట్టల వలలు ఎప్పుడు కట్టాలో, పంటకి ఎప్పుడు దిగాలో, శవం చుట్టూ కూర్చున్నప్పుడు శోకం ఎప్పుడు అందుకోవాలో వాళ్లకి తెలుసు. తెలియకపోతే ఈ రాళ్ల మధ్య మా వంశాలు మిగిలేవే కావు.

పనోరియా చేతులు గౌనుకి తుడుచుకుని లేచింది.

"ఎంతసేపైనా పాడొచ్చా?"

"నీ ఇష్టం. ఎంత ఎక్కువైతే అంత మంచిది."

"మధ్యలో ఎవరూ ఆపకూడదు."

"ఆపేదెవరు? ఆచారం కదా! ఆ సంగతి వాళ్లకి నేను ముందే చెప్పా. ఒక్కసారి అందుకుంటే పేటిక మీంచి చెయ్యెత్తేదాకా దేవుడైనా అడ్డం రాకూడదని."

"సరే పద. వస్తా."

వాడు సంబరంగా ఫోను చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. వీడికి శోకమంటే పాట. శోకం మాకు కోర్టని, ఆడదాని కోర్టు అదొక్కటేనని వీడికి ఎవరూ చెప్పలేదా? చెప్పారు. పుట్టినప్పటి నుంచీ విన్నాడు. అమ్మీ అమ్మీ, అమ్ముకునే సరుకు అసలు దేనికి పనికొస్తుందో మర్చిపోయాడు.

ఇక లికూర్గోస్ సంగతి చెప్పాలి. పనోరియా తమ్ముడు. తల్లి పోయాక తనే పెంచింది. నోట్లో నాలుక లేని పిల్లాడు. రాతిపనిలో చెయ్యి తిరిగినవాడు. అనార్గిరోస్ పాత బురుజుల్ని హోటల్ కింద మారుస్తున్నప్పుడు కింది అంతస్తులో రాతి కమాను కట్టారు. సున్నం ఆరేదాకా దాని కింద సెంట్రింగ్ ఉండాలి, జాకీల మీద నిలబెట్టిన చెక్కల ఆసరా. చలికాలపు తేమకి సున్నం ఆరలేదు. ఈస్టరేమో ముందే వచ్చిపడింది, గదులన్నీ అమ్ముడైపోయాయి. "రేపు సెంట్రింగ్ విప్పమంటున్నాడక్కా, కమాను ఇంకా పచ్చిగానే ఉంది," అన్నాడు తమ్ముడు ముందు రోజు రాత్రి చారు తాగుతూ. మర్నాడు కమాను వాడి మీద కూలింది.

కాయితాల్లో ఏం రాశారో తెలుసా? తాగి వచ్చాడట. కమాను కిందకి ఎవరూ పొమ్మనకుండానే దూరి, నిలబెట్టిన జాకీని తూలిపడి తన్నేశాడట. మిగతా సెంట్రింగ్ ఉన్నదున్నట్టే ఉందట, తప్పంతా వాడిదేనట. ఇలా అని ప్రమాణం చేసి చెప్పినవాడు సరాంతోస్ మేస్త్రీ. అక్కడ ఉన్న రెండో మనిషి అతనే. మూడోవాడు అనార్గిరోస్. ఆ నెల తిరక్కుండా సరాంతోస్ కొడుక్కి హోటల్లో ఉద్యోగం వచ్చింది.

తమ్ముడి ఖననం రోజున పనోరియా శవపేటిక మీద చెయ్యి వెయ్యబోయింది. మా దగ్గర పద్ధతి అదే. ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుంటారు, మగవాళ్లు బయట పెరట్లో ఉంటారు. ఒకావిడ శోకం నడిపిస్తుంది, మిగతావాళ్లు చివరి ముక్క అందుకుంటారు. ఆమె ఆగగానే ఇంకో మనిషి పేటిక అంచు మీద అరచెయ్యి పెట్టి "మీ సెలవైతే" అంటుంది. ఇక ఆ చెయ్యి తీసేదాకా మాట ఆమెదే. ఆ రోజు ఆ చెయ్యి పేటికదాకా పోలేదు. పక్కనే కూర్చున్న పెద్దమ్మ, ఇప్పుడు చచ్చిపోయిన ఈ గరూఫలియానే, మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు కాదే తల్లీ, దానికీ ఒక సమయం ఉంటుంది," అంది. ఈలోగా పాదిరి వచ్చేశాడు. పేటిక లేచిపోయింది.

ఆ తర్వాత అన్నీ సమయాలే. విచారణ నడుస్తోంది, ఇది సమయం కాదన్నారు. ఎన్నికలొచ్చాయి, అనార్గిరోస్ బావ నిలబడ్డాడు, ఇది సమయం కాదన్నారు. అనార్గిరోస్ కూతురి పెళ్లి, శుభమా అని జరుగుతుంటే ఇప్పుడా అన్నారు. పెద్దమ్మకి గుండెపోటు, ఆవిడ్ని చంపుతావా అన్నారు. పనోరియా ప్రతిసారీ పళ్లు బిగించి ఓపిక పట్టింది. పోయిన వారం టౌన్‌లో లాయరు దగ్గరికి వెళ్తే ఆయన కళ్లజోడు తీసి తలపట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా? ఈ కేసుకి గడువు ఐదేళ్లే. వచ్చే నెలతో అయిపోతుంది. కళ్లారా చూసినవాడు ఒక్కడొచ్చి నిజం చెప్తే ఏమైనా చెయ్యగలను. లేకపోతే నీ తమ్ముడు ఎప్పటికీ తాగి చచ్చినవాడే," అన్నాడు.

అప్పుడు అర్థమైంది ఆమెకి. వాళ్లు ఓపిక నేర్పలేదు, గడువు తినేశారు. ముద్ద ముద్దగా, ఆమె చేతే తినిపించారు. ఇంటికొచ్చి గోడకేసి తల కొట్టుకుంది. తిట్టింది. వాళ్లనీ, తననీ, పోయినవాడినీ. అయినా కోపం చల్లారలేదు. ఎందుకు చల్లారాలి?

మధ్యాహ్నానికి పెద్దమ్మ ఇల్లు నిండిపోయింది. పేటిక మూత వీధి గుమ్మం పక్కన నిలబెట్టి ఉంది. పెరట్లో మగవాళ్లు బ్రాందీ, కాఫీ తాగుతూ ఎండు రొట్టెలు నములుతున్నారు. వాళ్లలో ఒక మూలగా, గోడకి ఆనుకుని సరాంతోస్. తేలు కుట్టిన దొంగలా ఐదేళ్లుగా అతను అలాగే ఉన్నాడు. పనోరియా అతని ముందు నుంచే నడిచి లోపలికి వెళ్లింది. అతను తల దించుకున్నాడు.

లోపల కుర్చీల్లో ఊరి ఆడవాళ్లు. కిటికీ పక్క ఏథెన్స్ ఆవిడ, మెడలో పెద్ద పూసల దండ. ఆవిడ వెనక కెమెరా. మగవాళ్లు గడప దాటకూడదంటే కెమెరా పట్టుకోవడానికి ఒక పిల్లని పెట్టారు, అంత వరకూ ఆచారం పాటించారులెండి. అనార్గిరోస్ గడప బయట నిలబడి ఆవిడకి సైగ చేస్తున్నాడు, ఇదిగో, ఈమే అని.

పనోరియా వెళ్లి సరాంతోస్ పెళ్లాం కనేల్లా పక్కన కూర్చుంది. వేరే కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కనేల్లా కొంచెం జరిగింది.

"ఇక్కడెందుకు కూర్చున్నావు వదినా?" అంది గొణుగుతూ.

"ఇక్కడే కూర్చోవాలనిపించింది."

ముందు పెద్దమ్మ ఆడపడుచు శోకం నడిపింది. ముసలావిడ, గొంతు పోయింది. వంటలు, వడ్డనలు, కన్న పిల్లలు, మంచానపడ్డ రోజులు. ఆడవాళ్లు అలవాటుగా అందుకుంటున్నారు. పూసలావిడ కళ్లు మూసుకుని తలూపుతోంది. పనోరియా తొందరపడలేదు. ముసలావిడ ఒకసారి ఆగింది, దగ్గింది. అప్పుడు కదల్లేదు. అది దగ్గే, ముగింపు కాదు. మళ్లీ మొదలెట్టింది. పెరట్లో గ్లాసుల చప్పుడు ఆగింది. ముసలావిడ ఇంక చాలమ్మా అన్నట్టు మోకాళ్ల మీద చేతులు వేసుకుంది.

పనోరియా అరచెయ్యి పేటిక అంచు మీద పడింది. ఈసారి మణికట్టు పట్టుకునే మనిషి ఆ పేటికలోనే ఉంది.

"మీ సెలవైతే," అంది.

"సెలవే," అన్నారు ఆడవాళ్లు.

"గరూఫలియా పెద్దమ్మా,
దారి పట్టి పోతున్నావు.
ఒట్టి చేతుల పోవద్దు,
కబురొకటి మోసుకుపో."

"కబురొకటి మోసుకుపో," అని అందుకున్నారు. ఇందులో వింతేమీ లేదు. పోయేవాళ్లతో పోయినవాళ్లకి కబురు పంపడం మా దగ్గర మామూలే. పెద్దావిడలు అప్పుడే కళ్లు తుడుచుకుంటున్నారు, తమ కబుర్లు గుర్తొచ్చి.

"ఆవల గడప దగ్గర
మా తమ్ముడు లికూర్గోస్
ఒంటి నిండా సున్నంతో
ఒంటరిగా నిలుచున్నాడు.
ఎవరమ్మా నువ్వంటాడు,
మా ఊరి మనిషేనంటాడు.
తల దించుకోకమ్మా,
పేరు దాచుకోకమ్మా."

"పేరు దాచుకోకమ్మా..."

"నాయనా, నిను చంపినోణ్ణి
కన్నతల్లిని నేనేనని
వాడి కళ్లలోకి చూసి
నోరు తెరిచి చెప్పమ్మా."

"నోరు తెరిచి చెప్పమ్మా!" అన్నారు అందరూ. నోటి అలవాటు. అనేశాక తెలిసింది ఏమన్నారో. ఒకావిడ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. గడప బయట అనార్గిరోస్ మొహం మాడిపోయింది.

"పనోరియా!" అన్నాడు. "ఏంటిది? ఆపు!"

ముసలి ఆడపడుచు కూర్చున్నచోటే కర్ర ఎత్తింది. "అడుగు వేశావంటే కాళ్లు విరగ్గొడతా. మీ అమ్మ శోకం జరుగుతోంది. మగాడివి, బయట ఉండు."

వాడు పాదిరి కోసం మనిషిని పరిగెత్తించాడు. పూసలావిడ మాత్రం ఇంకా ముందుకి వంగింది. మా యాస ఆవిడకి సగమే అర్థమవుతోంది. ఆవిడకి కావలసింది గొంతు, అది దొరికింది. పనోరియా గొంతు మరో మెట్టెక్కింది.

"కమాను పచ్చిగుందంట,
సున్నం ఆరలేదంట.
పండగొచ్చి పడిందంట,
గదులమ్ముకున్నారంట.
ఒక్క వారం ఆగలేక
సెంట్రింగ్ విప్పించాడంట."

ఇప్పుడు అందుకోవాలా వద్దా? ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ తెలిసిన సంగతే. పొయ్యిల దగ్గర, బావుల దగ్గర గొణుక్కున్న సంగతే. ముసలి ఆడపడుచు కర్ర కింద పెట్టి, ఆ పోయిన గొంతుతోనే లాగింది: "సెంట్రింగ్ విప్పించాడంట..." ఆమె వెనక ఇద్దరు. తర్వాత అందరూ. కనేల్లా ఒక్కతే పెదాలు బిగించుకుంది.

"తాగి పడ్డాడన్నారంట,
తానే చచ్చాడన్నారంట.
దేవుడి పటం ముందర
ఒట్టేసి చెప్పాడొకడు.
వాడి పేరు నేనెత్తను,
వాడి ఉప్పు నేను తిన్నా.
వాడి ఇల్లాలీ పూట
నా పక్కన కూర్చునుంది."

కనేల్లా చెంప మీద ఎవరో కొట్టినట్టు కదిలింది.  

"తాగలేదే పెద్దమ్మా,
చారు తాగి పడుకున్నాడు.
చుక్క కూడా ఎరగనోణ్ణి
తాగుబోతును చేశారే.
చెప్పు నువ్వు వాడితోటి:
అక్క నోరు మూశారు,
ఐదేళ్లు మూశారు,
ఈ పూట తెరిచిందని."

చెయ్యి తీసింది. అయిపోయింది.  ఎవరైనా ఏదైనా అంటారేమో అని ఆగింది.  తలలు వంగాయి, అంతే. పెరట్లోంచి ఒక్క అడుగు చప్పుడు కూడా రాలేదు. ఇంతేనా, అనుకుంది. ఇంతా చేసి ఇంతేనా! రేపు పొద్దున్నకి అందరూ దీన్నీ మింగేస్తారు, ఐదేళ్లు మింగినట్టే.

అప్పుడు చప్పట్లు వినిపించాయి.

పూసలావిడ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. కళ్లమ్మట నీళ్లు. "అద్భుతం! మహాద్భుతం! ఇంత గొప్ప కళ ఇంకా బతికే ఉందా!" అంటోంది. వాకిలి బయట నారబట్టల వాళ్లు కూడా మొదలెట్టారు. శవం ఉంది గదిలో. ముక్కులో దూది పెట్టుకుని శవం ఉంది, చుట్టూ చప్పట్లు! మా మాని పుట్టాక ఇలాంటిది జరగలేదు. ఆడవాళ్లు రాయైపోయారు.

"కొట్టకండి!"

అరుపు పెరట్లోంచి వచ్చింది. సరాంతోస్. మనుషుల్ని తోసుకుంటూ గడప దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయి ద్వారబంధం రెండు చేతులా పట్టుకున్నాడు.

"చప్పట్లు కొడతారేంటి? అది పాటా? మీకది పాటలా వినపడిందా? ఆమె చెప్పిందంతా నిజం. సెంట్రింగ్ విప్పింది నేను. ఈ చేతుల్తో. ఈయన విప్పమన్నాడు. వాడు తాగలేదు. ఆగుదాం మేస్త్రీ, పచ్చిగా ఉంది అన్నాడు. వాడు తాగలేదని చెప్తున్నా, వినపడిందా? ఇప్పుడు కొట్టండి చప్పట్లు!"

పూసలావిడ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

అనార్గిరోస్ అతని భుజం మీద చెయ్యి వేశాడు, సెమినార్లో మాట్లాడే మెత్తటి గొంతుతో. "సరాంతోస్, మా అమ్మ శవం ఉందిక్కడ. ఈ మాటలకి ఇదా సమయం?"

పనోరియా లేచింది. "శవం ఉందనే కదరా నన్ను పిలిచావు! మీ అమ్మ శవాన్ని సంతలో పెట్టి వాళ్లకి చూపించడానికి పిలిచావు. ఇంకా ఏ సమయం కావాలి నీకు? వచ్చే నెల అయితే బాగుంటుందా? గడువు అయిపోయాక చెప్పుకుందామా?"

ఐదేళ్లలో మొదటిసారి వాణ్ణి ఒరే అంది.  ఏ సెమినార్లోనూ దీనికి సమాధానం రాసి లేదు మరి.

సందులోంచి గంట మోగించుకుంటూ పాదిరి వస్తున్నాడు. పేటిక లేపే వేళయింది. పనోరియా సరాంతోస్ మోచెయ్యి పట్టుకుంది.

"నీ బండి ఎక్కడుంది?"

"చర్చి వెనకాల. ఎందుకు?"

"స్టేషనుకి పోదాం."

"ఇప్పుడా? ఖననం కానీ చెల్లెమ్మా. స్నానం చేసి, రేపు పొద్దున్నే..."

"రేపు పొద్దున నువ్వు ఉండవు. మనిషుంటావు, ఈ నోరుండదు. నడు."

"శవం లేవకముందే పోతావా పనోరియా?" అంది ఎవరో వెనక నుంచి. "సొంత పెద్దమ్మ!"

"ఆవిడకి చెప్పాల్సింది చెప్పా. ఆవిడ దారి ఆవిడది."

సరాంతోస్ పెళ్లాం కోసం చూశాడు, ఆమె వద్దంటుందేమోనని. కనేల్లా గుమ్మం దాకా వచ్చింది. మొహం కందిపోయి ఉంది. "ఐదేళ్ల నుంచి నిద్రలో అరుస్తున్నావు. పక్కన పడుకునేది నేను," అంది. "వెళ్లు. చెప్పకుండా ఇంటికి రాకు."

కొండ దారి మలుపు మలుపుకీ సరాంతోస్ బండి నెమ్మది చేస్తున్నాడు. కొడుకు ఉద్యోగం పోతుందన్నాడు. నన్నూ లోపలేస్తారన్నాడు. "ముందు బండి పోనీ," అంది పనోరియా ప్రతిసారీ. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి, ఆ దీపం ఈ మనిషి గుండెల్లో ఎంతసేపు ఉంటుందో ఎవరికి తెలుసు? ఒకచోట అతను బండి పూర్తిగా ఆపి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. ఆమె తలుపు తీసుకుని దిగి, చుట్టూ తిరిగి అతని వైపు వచ్చింది. "జరుగు," అంది. "నీకు తోలడం రాదుగా?" అన్నాడు. "రాదు. లోయలో పడతాం. జరుగు." అతను కళ్లు తుడుచుకుని బండి కదిలించాడు. ఆమె పరిగెత్తి ఎక్కాల్సొచ్చింది.

స్టేషన్లో ఒకే ఒక్క పోలీసాయన ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చుని నారింజ పండు తింటున్నాడు.

"పాత కేసా? ఆఫీసరు గారు లేరమ్మా. సోమవారం రండి."

"సోమవారం రాను," అంది పనోరియా. "ఇతను ఇవాళ మాట్లాడతాడు. నువ్వు ఇవాళ రాసుకుంటావు. నువ్వు రాసుకోకపోతే నేను శోకం అందుకుంటా, ఈ గదిలోనే. నల్లబట్టల్లో ఉన్నా, గొంతు ఇంకా వేడిగానే ఉంది."

ఆయన ఆమె మొహం చూశాడు. ఆయనదీ మా మానియే. నారింజ తొక్కలు పక్కకి నెట్టి, చేతులు తుడుచుకుని కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు.

సరాంతోస్ మొదలెట్టాడు. ముందు నత్తినత్తిగా, తర్వాత ఆగకుండా. పొద్దున్నే అనార్గిరోస్ వచ్చి విప్పమన్నది, లికూర్గోస్ వద్దన్నది, పిరికిపందలని అనార్గిరోస్ తిట్టింది, తను జాకీలు ఒక్కొక్కటే తీసింది, తీసిన చెక్కలు ఏరమని లికూర్గోస్‌ని కిందికి పంపింది. కమాను కూలింది. పనోరియా గోడకి ఆనుకుని వింటోంది. ఇదంతా తను పాడిందే. తమ్ముడి పేరు కడిగినట్టవుతోంది, అనుకుంది. ఐదేళ్లలో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది.

"వెంటనే చనిపోయాడా?" అడిగాడు పోలీసాయన.

 సరాంతోస్ పనోరియా వైపు తిరిగాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి అర్థం కాలేదు.

"నన్ను చూడకు," అంది. "ఆయనకి చెప్పు."

"లేదు," అన్నాడు సరాంతోస్. "బతికే ఉన్నాడు. నడుం దాకా రాళ్ల కింద ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. నేను ఫోను తీశా. అనార్గిరోస్ లాక్కున్నాడు. ముందు జాకీలు మళ్లీ నిలబెట్టు, మిగిలిన కప్పు కింద బిగించు, ఆ తర్వాతే ఎవరికైనా ఫోను అన్నాడు. సెంట్రింగ్ ఉన్నట్టే కనపడాలి అన్నాడు. నేను బిగించా."

"ఎంతసేపు?"

"తెలీదు. అన్నీ బిగించేదాకా."

"అప్పుడు అతను ఏమైనా అన్నాడా?"

 సరాంతోస్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి చెప్పాడు.

"అక్కకి చెప్పండన్నాడు. కింది తోటలోనే ఉంది, కేకేస్తే చాలు, పరిగెత్తుకొస్తుందన్నాడు. నేను వెయ్యలేదు. వాడే పిలిచాడు, అక్కా అక్కా అని. దుమ్ములో గొంతు బయటికి రాలేదు."

ఆ పూట ఆమె కింది తోటలోనే ఉంది. చెట్ల కింద గడ్డి కోస్తోంది. పైన ఏదో కూలిన చప్పుడు విని, రాళ్లు దింపుతున్నారనుకుని మళ్లీ వంగి కోసుకుంది.

పోలీసాయన వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. ఎక్కడ చూడాలో తెలియక నారింజ తొక్కల వైపు చూస్తున్నాడు. పనోరియా గోడ వదిలి వచ్చింది.   ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ హోటల్ని రాయి రాయిగా పీకేయాలని ఉంది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని వంగింది.

"ఎందుకాపావు?" అంది. "రాయి. బతికే ఉన్నాడని రాయి. అక్కా అని పిలిచాడని రాయి. జాకీలన్నీ బిగించేదాకా ఎవరూ పలకలేదని రాయి."